పదిహేను వందల బిళ్ల, ఏడో నంబరు రిపోర్టు

చెన్నైలో గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లోకి వెళ్తే లాడ్జీలు, మెడికల్ షాపులు, జెరాక్స్ కొట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి వచ్చిన తెలుగువాళ్లు పొద్దున్నే ప్లాస్టిక్ ఫైలు చంకలో పెట్టుకుని ఆ సందుల్లో తిరుగుతుంటారు. అరవై దాటిన మగవాళ్ల ఫైలు తెరిస్తే రెండు వస్తువులు పక్కపక్కనే ఉండే అవకాశం బాగానే ఉంది. ఒకటి సగం వాడేసిన బిళ్లల అట్ట, మీద మిథైల్‌కోబాలమిన్ 1500 మైక్రోగ్రాములు అని రాసి ఉంటుంది. రెండోది ప్రోస్టేట్ గ్రంథి నుంచి ముక్క తీసి పరీక్షించిన రిపోర్టు, అందులో గ్లీసన్ 3+4=7 అని ఉంటుంది. బిళ్ల షుగర్ కాళ్ల తిమ్మిర్లకు, రిపోర్టు మూత్రం సరిగా రావట్లేదని వెళ్తే బయటపడిన సంగతికి. రెండూ వేర్వేరు జబ్బులు, వేర్వేరు డాక్టర్లు. కానీ ఇంట్లోవాళ్లు ఆ రెండింటినీ చదివే పద్ధతి ఒకటే, స్కూలు మార్కులు చదివినట్టు. 1500 అంటే 500 కన్నా మూడు రెట్లు బలం అనుకుంటారు. 7 అంటే పదికి ఏడు, అంటే ముక్కాలు వంతు ముదిరిపోయిందనుకుంటారు. రెండూ తప్పే, పైగా ఆ తప్పు వల్ల ఒకచోట అక్కర్లేని ధైర్యం, ఇంకోచోట అక్కర్లేని భయం పుడతాయి.

ముందు నరాల సంగతి. ఆ మాటతోనే పేచీ ఉంది. చేతికి సూది గుచ్చే నర్సు "నరం దొరకట్లేదమ్మా" అంటే ఆమె వెతికేది రక్తనాళం. రాత్రిపూట పిక్క బిగుసుకుంటే నరం పట్టేసింది అంటాం, అది కండరం. ఇక గోడల మీద పెద్ద అక్షరాలతో రాసే నరాల బలహీనత ఏమిటో అందరికీ తెలుసు, పైకి ఎవరూ చెప్పరు. తమిళంలో నరంబు కూడా దాదాపు ఇన్ని పనులూ చేస్తుంది కాబట్టి భాష రాకపోయినా కౌంటర్ దగ్గర "నరాలకి బిళ్లలు" అని అడిగితే కుర్రాడికి టక్కున అర్థమై అట్ట చేతికొస్తుంది. ఏ నరం, దానికి ఏమైంది, ఎందుకైంది అనే మూడు ప్రశ్నలు ఆ ఒక్క మాటలోనే మాయమైపోతాయి.

వైద్యం చెప్పే నరం అంటే స్పర్శను, నొప్పిని, కదలికను మోసే తీగ. పాదాల నరాల కణాలు నడుము దగ్గర వెన్నుపూసల పక్కన ఉంటాయి, అక్కడి నుంచి ఒక్కో కణం పోగు బొటనవేలి దాకా సాగుతుంది, అంటే ఇంచుమించు మీటరు పొడవు. తిండి, మరమ్మతు సామాను అన్నీ ఆ చిన్న కణం నుంచే చివరి దాకా వెళ్లాలి. షుగర్ అయినా మందు అయినా మద్యం అయినా ఆ సరఫరాను దెబ్బతీస్తే, చెరువు ఆయకట్టులో చివరి మడికి నీళ్లందనట్టు, ముందు ఎండేది కాలివేళ్ల దగ్గరే. అందుకే తిమ్మిరి వేళ్లతో మొదలై మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. మొదట్లో చీమలు పాకినట్టు, రాత్రిళ్లు మంటలు. తర్వాత ఆ మంటలు తగ్గుతాయి, తగ్గాయని సంతోషపడితే అసలు సంగతి స్పర్శే పోయిందని. చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియదు, ఇంటికొచ్చి చూసుకుంటే అరికాలికి గాజుపెంకు గుచ్చుకుని ఉంటుంది.

చెన్నైలోనే జరిగిన క్యూర్స్ అనే పెద్ద అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్లలో 26.1 శాతం మందికి ఇలాంటి నరాల దెబ్బ కనిపించింది, అంటే నలుగురిలో ఒకరికి. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ 2023లో చెప్పింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే నరాల బిళ్లల అట్టలు కిరాణా కొట్టు షాంపూ ప్యాకెట్లలా ఎందుకు వేలాడుతున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇక విటమిన్ ఏం చేస్తుంది? బి12 లోపం ఉంటే నిజంగానే అద్భుతం చేస్తుంది. నరం చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాగా, అది నిలవాలంటే బి12 కావాలి. లోపం ముదిరితే కాళ్ల తిమ్మిర్లతో ఆగదు, వెన్నుపాము దెబ్బతిని కళ్లు మూసుకుంటే నిలబడలేని స్థితి వస్తుంది, మతిమరుపు కూడా వస్తుంది. బి12 జంతువుల నుంచి వచ్చే తిండిలోనే ఉంటుంది, పప్పులో కూరగాయల్లో ఉండదు, శాకాహారికి ఉన్న దారి పాలు పెరుగే. అందులోనూ పల్చటి మజ్జిగ ఒక గ్లాసు తాగి పాలకోటా అయిపోయిందనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

దీనికి తోడు మెట్‌ఫార్మిన్. షుగర్‌కు మొదట ఇచ్చే మందు ఇదే, చవక, మంచి మందు, కానీ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగు చివర బి12 ఒంట్లోకి వెళ్లే దారిని అడ్డుకుంటుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో లోపం లక్షణాలు కనిపిస్తే బి12 చూడండి, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మధ్యమధ్య పరీక్ష చేయించండి అని. అంటే షుగర్ మనిషికి కాళ్లు మొద్దుబారితే అది షుగర్ వల్లా, షుగర్ మందు వల్లా, రెండూ కలిసా అన్నది పైకి చూసి చెప్పలేం. రక్తపరీక్ష చెబుతుంది. మామూలుగా మిల్లీలీటరుకు 200 పీకోగ్రాముల లోపు ఉంటే లోపం అంటారు, 200 నుంచి 300 మధ్య అయితే అనుమానం, అప్పుడు మిథైల్ మలోనిక్ ఆసిడ్ అనే ఇంకో పరీక్ష తేలుస్తుంది. చిక్కేమిటంటే చాలామంది బిళ్లలు మొదలుపెట్టిన నెలకు పరీక్షకు వెళ్తారు, అప్పటికి రక్తంలో అంకె ఆకాశంలో ఉంటుంది, అసలు లోపం ఉండేదో లేదో ఇక తేలదు.

ఇప్పుడు 1500 లెక్క చూద్దాం. మనిషికి రోజుకు కావలసిన బి12 రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. కడుపులో ఊరే ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని పేగు దాకా తీసుకెళ్తుంది, కానీ ఆ బండిలో ఒక్కసారికి ఒకటిన్నర రెండు మైక్రోగ్రాములకే చోటు. మిగిలినదాంట్లో సుమారు ఒక శాతం మాత్రం దానంతటది గోడలోంచి ఇంకుతుంది. అంటే 500 బిళ్ల మింగితే ఒంటికి చేరేది ఓ 5 పైచిలుకు, 1500 మింగితే 15 పైచిలుకు. రెండూ అవసరానికి మించే ఉన్నాయి. పెద్ద మోతాదు బిళ్ల కనిపెట్టడానికి అసలు కారణం ఆ బండే పాడైనవాళ్లు, వాళ్లకు ఆ ఒక్క శాతమే ప్రాణాధారం. లోపం లేనివాడికి 500 అయినా 1500 అయినా తేడా జేబులోనే. ఒకటి మాత్రం నిజం, లోపం బాగా ముదిరి నడక తూలుతుంటే బిళ్లలతో కాలక్షేపం చేయకుండా ఇంజెక్షన్లే వేస్తారు. ఆ మందు ఎర్రగా ఉండటం చూసి రక్తం పట్టే మందు అనుకుంటారు, ఆ ఎరుపు కోబాల్ట్ అణువున్న ఆ పదార్థం సొంత రంగు. బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పచ్చగా వస్తే మందు పనిచేస్తోందని సంబరపడటం కూడా ఇలాంటిదే, ఒళ్లు వద్దని బయటికి పోసేసిన బి2 అది.

ఈ విటమిన్ల కథలో ఒక తెలుగాయన ఉన్నాడు, పైగా మద్రాసులో చదివినవాడు. భీమవరంలో పుట్టి, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం 1940ల నడుమ ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తహీనతకు అది గొప్ప మందు. కానీ కొద్ది ఏళ్లలోనే డాక్టర్లు ఒక విచిత్రం చూశారు. బి12 లోపం ఉన్నవాళ్లకు ఒక్క ఫోలిక్ ఆసిడ్ ఇస్తే రక్తం బాగుపడుతోంది, మొహానికి కళ వస్తోంది, నరాలు మాత్రం లోపల్లోపల ఇంకా పాడవుతూనే ఉన్నాయి. రక్తహీనత అనే గంట మోగకుండా ఆగిపోయింది, నిప్పు ఆరలేదు. ఇంకోవైపు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ల్యుకేమియా, అంటే రక్తకేన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆసిడ్ రకాలు ఇచ్చి చూస్తే జబ్బు నెమ్మదించకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. దాంతో ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకునే మందు కావాలన్నాడు. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో 1948లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. ఒకే బృందం ఒక విటమిన్నూ, దానికి విరుగుడునూ చేసింది, విరుగుడే కేన్సర్ మందయింది. విటమిన్ కదా, మంచి చేయకపోయినా చెడు చేయదులే అనే మాట ఎవరైనా అన్నప్పుడు మన భీమవరం ఆయన్ని గుర్తుచేసుకోవచ్చు.

చెడు చేసే విటమిన్ అట్ట మీదే ఉంటుంది కూడా. బి6, పైరిడాక్సిన్. మనిషికి రోజుకు కావలసింది రెండు మిల్లీగ్రాముల లోపే. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లకు ఆ మందు బి6ను లాగేసి తిమ్మిర్లు తెస్తుంది కాబట్టి చిన్న మోతాదులో పక్కన ఇస్తారు, అది సరైన వాడకం. కానీ ఎక్కువైతే బి6 స్పర్శ నరాలనే చంపుతుంది. 1983లో అమెరికా వైద్యులు ఏడుగురి కథ ప్రచురించారు, రోజుకు 2 నుంచి 6 గ్రాములు మింగి, చూడకుండా నడవలేని స్థితికి వచ్చినవాళ్లు. గ్రాములు కదా, మనం మిల్లీగ్రాములే కదా అనుకోవచ్చు. అయితే ఆ తర్వాత తక్కువ మోతాదుతో కూడా ఫిర్యాదులు వచ్చాయి, హద్దు కిందికి జారుతూ వచ్చింది. అమెరికాలో 100 మిల్లీగ్రాములు పై హద్దు, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 25 నుంచి 12కు దించింది, ఆస్ట్రేలియాలో రోజుకు 10 మిల్లీగ్రాములు దాటే సరుకు మీద నరాల హెచ్చరిక అచ్చువేయాలి. మన అట్టల్లో కంపెనీని బట్టి 3 మిల్లీగ్రాములు ఉంటుంది, 50 ఉంటుంది, 100 కూడా ఉంటుంది. ఊళ్లో డాక్టర్ రాసిన నరాల బిళ్ల ఒకటి, చెన్నైలో రాసిన బి కాంప్లెక్స్ ఒకటి, కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన మల్టీవిటమిన్ ఒకటి, మూడూ కలిపి మింగితే బి6 ఎంతయిందో కూడేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు. అప్పుడు వచ్చే లక్షణం కూడా అరికాళ్ల తిమ్మిరే, దాంతో మోతాదు ఇంకా పెంచుతారు. ఇంతకన్నా ఘోరమైన గుండ్రటి దారి వైద్యంలో తక్కువ.

మరి లోపం లేని షుగర్ కాళ్లకు విటమిన్లు పనిచేస్తాయా? 2008లో కాక్రేన్ సంస్థ బి విటమిన్ల మీద 13 అధ్యయనాలు, 741 మందిని కలిపి చూసి, ఉపయోగం ఉందనీ లేదనీ చెప్పడానికి ఆధారం చాలదంది. 2021లో గ్రీసులో 90 మందితో జరిగిన పరీక్షలో ఏడాదిపాటు రోజుకు 1000 మైక్రోగ్రాముల బి12 బిళ్ల ఇస్తే నరాల పరీక్షలు మెరుగయ్యాయి, ఇది చాలామంది ఉత్సాహంగా చెప్పే అధ్యయనం. కానీ అందులో చేర్చుకున్నది మెట్‌ఫార్మిన్ వాడుతూ బి12 తగ్గినవాళ్లనే. అంటే అది కూడా పాత సంగతినే బలపరిచింది, లోటు ఉన్నచోట పూడిస్తే ఫలితం వస్తుంది. విటమిన్ కాకపోయినా అదే అట్టలో దూరే ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్ ఐదు వారాల పరీక్షలో మంటలు తగ్గించింది, నాలుగేళ్ల నేథన్ పరీక్షలో ముందు పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. మంట తగ్గడం వేరు, నరం బాగుపడటం వేరు.

ఇక్కడి నుంచి ప్రోస్టేట్ వైపు దారి ఉంది. ఆ కేన్సర్ పాకినప్పుడు వాడే డోసిటాక్సెల్ అనే కీమో మందు నరాలను దెబ్బతీసే జాతిది, నాలుగైదు సార్లు ఎక్కించేసరికి వేళ్ల చివర్లు మొద్దుబారతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. ఇంటివాళ్లు వెంటనే నరాల బిళ్ల కొంటారు. ఆ జాతి మందులే వాడే రొమ్ము కేన్సర్ స్త్రీలు 409 మంది మీద అసిటైల్ ఎల్ కార్నిటిన్ పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. నరాలను కాపాడుతుందని అందరూ నమ్మిన ఆ పదార్థం తీసుకున్నవాళ్లకు, ఉత్త బిళ్ల తీసుకున్నవాళ్లకన్నా నరాల దెబ్బ ఎక్కువైంది. విటమిన్ ఇ కూడా కీమో తిమ్మిర్లను ఆపలేదు. అమెరికా కేన్సర్ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో ఈ తిమ్మిర్లు రాకుండా ఆపడానికంటూ సిఫారసు చేసిన మందు ఒక్కటీ లేదు, వచ్చిన నొప్పికి మాత్రం డ్యులోక్సెటిన్ పేరు ఉంది. తిమ్మిరి ఎక్కువైతే కీమో మోతాదు తగ్గించడం, వాయిదా వేయడం డాక్టర్ చేతిలో ఉన్న అసలు ఆయుధం, కాబట్టి గుండీ పెట్టుకోలేకపోతున్న సంగతి ఆయనకు చెప్పాలి, మెడికల్ షాపు కుర్రాడికి కాదు.

విటమిన్ ఇ కథ అంతటితో అయిపోలేదు. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో చిన్న మోతాదు విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకు ప్రోస్టేట్ కేన్సర్లు తగ్గినట్టు 1990ల్లో తేలింది. అది చూసి అమెరికా, కెనడాల్లో 35,533 మందితో సెలెక్ట్ అనే మహా పరీక్ష మొదలుపెట్టారు, 400 యూనిట్ల విటమిన్ ఇ, సెలీనియం. లాభం లేదని 2008లో ఆపేశారు. 2011కి లెక్కలు తేలేసరికి విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ కేన్సర్ 17 శాతం ఎక్కువ. మామూలు భాషలో, ఏడేళ్లలో వెయ్యి మందికి 65 రావలసిన చోట 76 వచ్చాయి. ఏ ఒక్కరికీ భయం పుట్టించేంత తేడా కాదు, కానీ కేన్సర్ రాకుండా కొనుక్కునే బిళ్లకు అది చాలా ఖరీదైన తేడా.

ఇప్పుడు ఫైల్లో రెండో కాగితం. ప్రోస్టేట్ పెద్ద ఉసిరికాయంత గ్రంథి, మూత్రాశయం కింద ఉంటుంది. సూదితో అందులోంచి సాధారణంగా పన్నెండు పోగులు తీస్తారు, ఒక్కోటి సేమ్యా పోగంత. వాటిని మైనంలో పోతపోసి, పల్చగా కోసి, రంగు వేసి, అద్దం పలక మీద పెట్టి పాథాలజిస్టు చూస్తారు. కేన్సర్ కనిపిస్తే ఇంకో ప్రశ్న వేసుకోవాలి, ఇది ఎంత దుడుకుది? దానికి జవాబే గ్రేడు. ఈ పద్ధతి పెట్టినాయన అమెరికాలో మినియాపోలిస్ మాజీ సైనికుల ఆస్పత్రి పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్, 1966లో. అందరూ కణాన్ని పెద్దది చేసి దాని కేంద్రకం ఎంత వికారంగా ఉందో చూస్తుంటే ఆయన దూరం నుంచి అమరిక చూశాడు. మామూలు ప్రోస్టేట్‌లో కణాలు గుండ్రంగా గదులు కట్టుకుని ఉంటాయి. నేల మీద గాజులు పోసినట్టు ఊహించుకోండి. చిన్న చిన్న గాజులైనా దేనికది విడిగా ఉంటే అది 3. గాజులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి జల్లెడలా అయితే 4. గాజు ఆకారమే లేకుండా ముక్కలు చెల్లాచెదురుగా ఉంటే 5. 1, 2 కూడా ఉండేవి, కానీ ఈ రోజుల్లో సూదిముక్కలో వాటిని దాదాపు ఎవరూ రాయరు.

ఒకే గ్రంథిలో రెండు రకాలు కలిసి ఉంటాయని గ్లీసన్ గమనించాడు, అందుకే రెండంకెలు కూడాడు. ఎక్కువ మేర పరుచుకున్నది ముందు, రెండోది తర్వాత. లెక్క 2 నుంచి 10 దాకా అయినా, 1, 2 వాడుకలోంచి పోయాయి కాబట్టి అన్నింటికన్నా తక్కువ స్కోరు 3+3, అంటే 6. పరీక్షలో ఆరు వస్తే ఫస్ట్ క్లాస్, ఇక్కడ ఆరు వస్తే అట్టడుగు. "పదికి ఆరంటే సగం దాటిపోయింది కదా అల్లుడూ" అని ఒక పెద్దాయన డీలాపడితే, ఆ తప్పు ఆయనది కాదు, మధ్యలో నేలమట్టం పెట్టుకున్న ఈ కొలబద్దది. రెండో చిక్కు ఏడుతో. 3+4 కూడా ఏడే, 4+3 కూడా ఏడే, కానీ మొదటిదాంట్లో ఎక్కువ భాగం నిదానంగా ఉండేది, రెండోదాంట్లో ఎక్కువ భాగం దుడుకుది.

ఈ గజిబిజి తీర్చడానికి జాన్స్ హాప్కిన్స్‌లో జోనథన్ ఎప్‌స్టీన్ బృందం 2013లో ఐదు గ్రేడ్ గ్రూపులు ప్రతిపాదించింది, 2014లో నిపుణుల సంఘం ఒప్పుకుంది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలోకి ఎక్కింది. 6 గ్రూప్ 1, 3+4 గ్రూప్ 2, 4+3 గ్రూప్ 3, 8 అయితే గ్రూప్ 4, 9 లేదా 10 అయితే గ్రూప్ 5. వేల మంది మీద సరిచూస్తే, ఆపరేషన్ అయ్యాక ఐదేళ్లపాటు పీఎస్ఏ, అంటే ప్రోస్టేట్ సంగతి చెప్పే రక్తపరీక్ష అంకె, మళ్లీ తలెత్తకుండా ఉన్నవాళ్లు గ్రూప్ 1లో 96 శాతం, 2లో 88, 3లో 63, 4లో 48, 5లో 26. రెండు ఏడుల మధ్య తేడా ఎంతో ఈ వరసలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, 88కి 63కి మధ్య ఉన్నది అంకెల వరస మార్చి రాయడమే. అందుకే రిపోర్టులో కూడిక ఎంతన్నది కాకుండా ముందు ఏ అంకె ఉందో చూడాలి.

కొత్త పద్ధతి కొత్త తంటా తెచ్చింది. మన దగ్గర కేన్సర్ అనగానే మొదటి ప్రశ్న ఏ స్టేజి అనే. సినిమాలు నేర్పిన ప్రశ్న. రిపోర్టులో గ్రేడ్ గ్రూప్ 4 అని కనిపిస్తే నాలుగో స్టేజి అని ఫోన్ ఊరికి వెళ్లిపోతుంది, ఊళ్లో ఏడుపులు మొదలవుతాయి. గ్రేడు స్వభావం, స్టేజి అది ఎంత దూరం వెళ్లిందన్న సంగతి. గ్రూప్ 4 ఉన్నా గ్రంథి దాటకుండా ఉండవచ్చు, ఆపరేషన్‌కో రేడియేషన్‌కో దారి ఉండవచ్చు. దీనికి తోడు ఎంఆర్ఐ రిపోర్టులో పైరాడ్స్ అని ఇంకో 1 నుంచి 5 ఉంటుంది, అది బొమ్మ చూసి కేన్సర్ అనుమానం ఎంతని చెప్పే అంకె. పైరాడ్స్ 5 వచ్చినాయన ముక్క పరీక్షలో గ్రూప్ 2 తేలవచ్చు, రెండూ తప్పు కాదు. ఒకే ఫైల్లో మూడు రకాల ఐదులు పెట్టి మనిషి చేతికిచ్చి, టెన్షన్ పడొద్దు అని చెప్పడం మాత్రం అన్యాయమే.

మరో మాట ఇక్కడ మళ్లీ నరం దగ్గరికి తెస్తుంది. రిపోర్టులో పెరీన్యూరల్ ఇన్వేజన్ అని ఉంటే ఎవరో గూగుల్ చేసి "నరాల్లోకి పాకిందట" అంటారు, పక్షవాతం వస్తుందేమో, మెదడుకు ఎక్కుతుందేమో అని భయం. గ్రంథి లోపల ఉండే సన్నటి నరాల పక్కనుంచి కేన్సర్ కణాలు జరిగాయని దాని అర్థం. ముక్క పరీక్షల్లో తరచూ కనిపించేదే, డాక్టర్ లెక్కలోకి తీసుకుంటారు, గ్రేడు మాత్రం దాంతో మారదు, కాళ్ల తిమ్మిర్లకూ దానికీ సంబంధం లేదు. గ్రంథికి రెండు పక్కలా అంటుకుని వెళ్లే ఇంకో నరాల జత ఉంది, గోడల మీది రాతలు చెప్పే మగతనానికి నిజానికి కావలసిన నరాలు అవే. అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1982లో వాటిని తప్పించి ఆపరేషన్ చేసే పద్ధతి చూపించేదాకా ప్రోస్టేట్ తీసేస్తే మగతనం పోవడం మామూలే అనుకునేవారు. తప్పించినా అవి తేరుకోవడానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. దెబ్బతిన్న నరం రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, 1500 బిళ్ల మింగినా ఆ వేగం మీటరు కాదు.

గ్రేడు తక్కువైతే ఏం చేయాలన్న దాని మీద బ్రిటన్‌లో 1,643 మందితో జరిగిన ప్రొటెక్ట్ పరీక్ష పెద్ద ఆధారం. కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరిని కేవలం గమనిస్తూ ఉన్నారు. 15 ఏళ్ల తర్వాత, 2023లో లెక్క చూస్తే ప్రోస్టేట్ కేన్సర్‌తో పోయినవాళ్లు మూడు గుంపుల్లోనూ మూడు శాతం అటూ ఇటూ. గమనిస్తూ ఉన్నవాళ్లలో జబ్బు పాకడం మాత్రం ఎక్కువ, అది దాచకూడని సంగతి. అయినా గ్రూప్ 1 మనిషికి కంగారుపడి వారంలో ఆపరేషన్ చేయించుకోవలసిన పని లేదన్నది తేలిపోయింది. గ్రూప్ 1ని అసలు కేన్సర్ అని పిలవడం మానేద్దామని 2022 నుంచి నిపుణులు గట్టిగానే వాదించుకుంటున్నారు. పిలుపు మారితే భయం తగ్గుతుంది, నిజమే, కానీ మన దగ్గర కేన్సర్ కాదంటే మళ్లీ ఆస్పత్రి గడప తొక్కరు. గమనించడం అనే వైద్యానికి ప్రాణం ఆ మళ్లీ రావడంలోనే ఉంది. నెల్లూరు నుంచి పినాకిని రైల్లో వచ్చి పీఎస్ఏ చూపించుకుని సాయంత్రం తిరిగి వెళ్లడం గొప్ప శ్రమేమీ కాదు, వెళ్లాలి అన్న కారణం మిగిలి ఉంటే.

ఆ పీఎస్ఏ చూపించుకునే ముందు విటమిన్ అట్ట మళ్లీ తిప్పి చూడాలి. జుట్టుకు, గోళ్లకు అమ్మే బిళ్లల్లో, కొన్ని నరాల బిళ్లల్లో బయోటిన్ ఉంటుంది. ల్యాబుల్లో కొన్ని రకాల రక్తపరీక్షల రసాయనం బయోటిన్ అంటుకునే గుణం మీదే నడుస్తుంది, రక్తంలో అది పెద్ద మోతాదులో ఉంటే యంత్రం తికమకపడి పీఎస్ఏ లాంటి అంకెను ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఇలాంటి తప్పుడు ఫలితాల గురించి హెచ్చరించింది. మూత్రం ధార సాఫీగా రావడానికి వాడే ఫినాస్టరైడ్ అయితే కొన్ని నెలలకు పీఎస్ఏను సగానికి దించుతుంది, అది తెలిసిన డాక్టర్ రెట్టింపు చేసి చదువుతారు. బిళ్లల పేర్లు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

గ్రేడు విషయంలో ఇద్దరు పాథాలజిస్టులు విభేదించడం మామూలే, ముఖ్యంగా 3కు 4కు మధ్య గీత దగ్గర. గాజులు అతుక్కున్నాయా, పక్కపక్కన ఉన్నాయా అన్నది కోత పడిన కోణాన్ని బట్టి కూడా మారుతుంది. కంప్యూటర్‌కు ఇది నేర్పడానికి 2020లో పండా అనే పోటీ పెట్టారు, పదివేలకు పైగా ముక్కల బొమ్మలు, 1,290 మంది పోటీదారులు. మంచి ప్రోగ్రాములు నిపుణులతో బాగానే ఏకీభవించాయి, అయితే ఆ నిపుణుల తీర్పే కొలమానం కాబట్టి నిపుణులు తడబడేచోట అవి ఏం చేస్తాయన్నది వేరే ప్రశ్న. అందాకా చేతిలో ఉన్న సులువైన దారి రెండో పాథాలజిస్టు. దానికి జెరాక్స్ తీయించిన రిపోర్టు చాలదు. ముక్క పరీక్ష చేసిన ల్యాబులో అద్దం పలకలు, మైనం దిమ్మలు భద్రపరిచి ఉంటాయి, రాసిచ్చి అడిగితే రెండో అభిప్రాయం కోసం ఇస్తారు. హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టకముందు తీసిన ముక్కలే కావాలి, ఎందుకంటే ఆ మందు పడ్డాక గాజుల ఆకారం మారిపోయి గ్రేడు చదవడానికి పనికిరాదు. పలకలు పెళుసు, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఇస్తారు. రైల్లో సూట్‌కేసులో పడేయకుండా చేతిసంచీలో, తువ్వాలులో చుట్టి తెచ్చుకోవాలి.